నిద్ర చెఱచిన గంట

చదువవలసిన వాక్యభాగములు: యెహెజ్కేలు 33:1–9, యెషయా 30:8–11, అపొస్తలుల కార్యములు 27:9–12



హోటలు గదిలో అర్ధరాత్రి మ్రోగిన గంటనుగూర్చి సంఘపత్రికలో వ్రాయుటేమని మీలో కొందఱు అనుకొనవచ్చును. మన పల్లెలలో అటువంటి గంటలు లేవు. గాని ఇప్పుడు మన పిల్లలు హైదరాబాదులోను, బెంగుళూరులోను, గల్ఫు దేశములలోను మేడలమీద నిద్రించుచున్నారు. మనమును ఆసుపత్రి పనులకో, వివాహములకో, సభలకో పట్టణములకు వెళ్ళి లాడ్జీలలో బస చేయుచున్నాము. అంతేగాక ఈ గంట విషయములో మేము చేసిన తప్పొకటి చాలకాలముగా మా మనస్సున నున్నది. దానిని చెప్పుకొనక తప్పదు.

కోవిడ్ రోగము మన దేశమునకు వచ్చుటకు రెండేండ్లు ముందు, ఒక వేసవిలో, రాజోలు ప్రాంతపు సంఘములనుండి మేము తొమ్మిదిమందిమి పట్టణములో జరుగు సమావేశమునకు వెళ్ళితిమి. చించినాడ వంతెన దాటి, పాలకొల్లు, భీమవరము మీదుగా బస్సులో ప్రయాణము చేసి చీకటి పడువేళకు చేరితిమి. సమావేశపువారు మాకొక హోటలులో మూడవ అంతస్తున గదులిప్పించిరి. మాలో ముగ్గురము వాక్యము చెప్పువారము. ఒకే గదిలో నుంటిమి. మాలో నొక పెద్దగారి తల్లియు మాతో వచ్చెను. ఆమె లంకగ్రామమున పుట్టి లంకలోనే కాపురము చేసినది. ఎనుబది ఏండ్లకు దగ్గఱగా ఉండును. మేమందఱము ఆమెను మామ్మగారని పిలుచుచుంటిమి.

రాత్రి రెండు గంటలప్పుడు గంట మ్రోగెను. అది గుడిగంట వంటి ధ్వని కాదు. చెవిలో సూది గ్రుచ్చినట్లు తెంపులేని మ్రోత. ముగ్గురమును మేల్కొంటిమి. ఒకరు, "ఏంటండి అది?" అనిరి. ఇంకొకరు, "ఎవరిదో ఫోను అలారం అయ్యుంటాదండి" అనిరి. మూడవవారు దుప్పటి తలమీదికి లాగుకొని, "నిజంగా ఏదన్నా అయితే వాళ్ళే వచ్చి చెప్తారు లెండి" అనిరి. ఈ మూడు మాటలతో మా విచారణ ముగిసెను.

ఇంతలో తలుపుమీద దెబ్బలు పడెను. "బాబూ, లెగండి! కిందకి దిగిపోండి!" అని మామ్మగారి గొంతు. "వస్తున్నాం మామ్మగారూ" అని మంచముమీదనుండియే పలికితిమి గాని లేవలేదు. ఆమె ప్రక్క గదుల తలుపులును కొట్టుచు పోవుట వినబడెను. ఎవరో తెలియని మనిషి ఆమెను కసిరెను. కొంతసేపటికి మ్రోత ఆగెను. గదుల కుఱ్ఱవాడొకడు, "ఏం లేదు సార్, ఊరికే మోగింది, పడుకోండి" అని నడవపొడుగునా చెప్పుకొనుచు పోయెను. మేము మఱల నిద్రపోతిమి.

ఉదయమున టిఫిను చేయుచుండగా సంగతి అంతయు తెలిసెను. మామ్మగారు బైబిలు సంచి భుజమున వేసికొని, గోడ పట్టుకొని మూడు అంతస్తులు మెట్లమీదుగా దిగి, వీధిలో వాచ్‌మన్ ప్రక్కన బల్లమీద కూర్చుండినదట. కుమారుడు వెళ్ళి పిలుచుకొని వచ్చువరకు లేవలేదట. మేము నవ్వితిమి. ఆమె ఇడ్లీ తుంచుకొనుచు తల యెత్తకయే ఇట్లనెను: "నవ్వండి బాబూ. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక అన్నప్పుడల్లా మేం గొడ్లని గట్టెక్కించేవోళ్ళం. పదిసార్లలో ఎనిమిదిసార్లు నీళ్ళు దొడ్లోకి రాలేదు. గట్టెక్కినందుకు ఏ గొడ్డూ చావలేదు."

దానికిని నవ్వితిమి.

ఇంతవరకైతే ఇది సోమరితనమే. తరువాత జరిగినది అంతకంటె చెడ్డది. ఆ మధ్యాహ్నము మేము క్రిందికి దిగి కౌంటరువద్ద గట్టిగా ఫిర్యాదు చేసితిమి. మేము పెద్దవారమనియు, పొద్దుటనే సభలో మాటలాడవలసినవారమనియు, రాత్రియెల్ల నిద్ర చెడెననియు చెప్పితిమి. వేఱే గదులవారును మాతో గొంతు కలిపిరి. సాయంకాలము మేము తిరిగి వచ్చునప్పటికి అక్కడి మనిషి చిఱునవ్వుతో, "ఈ రాత్రి మీకే ఇబ్బందీ ఉండదండి. కనెక్షన్ తీయించేశాం" అనెను. మేమతనికి కృతజ్ఞతలు చెల్లించితిమి.

లిఫ్టులో మామ్మగారు అడిగెను: "మరి నిజంగా అంటుకుంటే ఎలా తెలుద్ది బాబూ?"

"ప్రభువు కాపాడతాడు మామ్మగారూ" అంటిమి.

ఆ మాట సత్యమే. గాని మేము దానిని విశ్వాసముచేత పలుకలేదు. ఆమె నోరు మూయించుటకు పలికితిమి. దేవుని నామమును వ్యర్థముగా ఉచ్చరించుట యనగా ఒట్లు పెట్టుకొనుట, తిట్టుట అని మాత్రమే అంతవరకు బోధించుచుంటిమి. మన అలసత్వమునకు ఆయన పేరును కప్పుగా వేయుట అందులోనిదే గదా. దేవాలయ శిఖరముమీద శోధకుడు మన ప్రభువుతో పలికినదియు కాపుదలనుగూర్చిన వాగ్దానమే. దూతలు పట్టుకొందురు గనుక దూకుమని వాడు చెప్పెను, ప్రభువు దూకలేదు.

ఆ రాత్రి ఏమియు జరుగలేదు. హోటలు కాలలేదు. మఱునాడు సభ ముగించుకొని ఇంటికి వచ్చితిమి. ఆ తీగను మఱల తగిలించుమని మాలో ఎవరమును అడుగలేదు. తగిలించిరో లేదో నేటివరకు ఎఱుగము.

ఏమియు జరుగలేదు గనుక తప్పు లేదా? ఈ ప్రశ్నను మీయెదుట ఉంచవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. చెఱువునకు నీరు తీసికొనుటకు ఒకడు ఏటిగట్టును రాత్రివేళ త్రవ్వి తూము పెట్టెననుకొనుడి. ఆ యేడు వఱద రాలేదు. మఱియొక గ్రామమున ఇంకొకడు అట్లే చేసెను. అక్కడ వఱద వచ్చి గట్టు తెగి ఊరు మునిగెను. ఊరివారు రెండవవానిని పోలీసులకు అప్పగింతురు, మొదటివానిని పెండ్లి భోజనమునకు పిలుతురు. లోకపు తీర్పు ఇట్లుండును. గాని ఇద్దఱి చేతిలోనున్నది ఒకే పలుగు. ఇద్దఱును గట్టువెనుక నిద్రించువారిని లెక్కచేయలేదు. వఱద వచ్చుట రాకపోవుట వారి చేతిలోనిది కాదు. హోటలులో మేము మొదటివానివలె తప్పించుకొంటిమి. మామీద ఎవరును కేసు పెట్టలేదు.

ఇక ఆ గంట ఏమిటో కొంచెము తెలిసికొందము. అటువంటి హోటళ్ళలో పైకప్పునకు సాసరంత తెల్లని పెట్టెలు బిగించియుండును. అనేకములలో లోపల ఒక చిన్న కాంతికిరణము ప్రసరించుచుండును. పొగ లోపలికి చొచ్చినప్పుడు ఆ వెలుగు చెదరి, ప్రక్కనున్న కన్నుమీద పడును. వెంటనే గంట మ్రోగును. ఆ కంటికి పొగ, ఆవిరి అను భేదము తెలియదు. స్నానపుగది వేడి ఆవిరియైనను, దోమలచుట్ట పొగయైనను, దుమ్మైనను, లోపల దూరిన పురుగైనను దానికి ఒక్కటే. అందుచేత అనేకసార్లు ఊరకనే మ్రోగును. అది తెలివి తక్కువ సేవకుడు. గాని నిద్రపోని సేవకుడు. యజమానుడు తెలివిగలవాడైనను నిద్రపోవును గదా.

మన పల్లెలలో తాటాకిండ్లు, కొబ్బరాకు పాకలు అంటుకొన్నప్పుడు మంటయే గంట. వెలుగు కనబడును, చిటపటలు వినబడును, ఎవరో కేక వేయుదురు, ఊరంతయు బిందెలతో పరుగెత్తును. కొందఱు ప్రక్క యింటి కప్పు లాగివేయుదురు. ఇంటిలోనివారు ఒక్క అడుగులో బయట పడుదురు. మేడమీది నిప్పు అటువంటిది కాదు. అది ఎక్కడో క్రింద పుట్టును. మన కంటికి కనబడదు. దానికంటె ముందు పొగ మెట్లదారిని పట్టుకొని పైకి ఎక్కును. 1980 నవంబరు 21న అమెరికాలో లాస్ వేగాస్ పట్టణపు పెద్ద హోటలులో మంట పుట్టినది క్రింది అంతస్తున. చనిపోయిన 85 మందిలో ఎక్కువమంది పై అంతస్తులలో పొగచేత మరణించిరి. గదులలో నున్నవారిని లేపుటకు అక్కడ గంట మ్రోగలేదు. అంతకుముందు 1946 డిసెంబరు 7న అట్లాంటా పట్టణములోని వైన్‌కాఫ్ హోటలులో 119 మంది మరణించిరి. నిప్పంటని కట్టడమని ప్రకటించుకొన్న హోటలది. గోడలు నిజముగానే నిలిచినవి. గాని హెచ్చరించు గంట లేదు, పైనుండి దిగుటకు ఒకే మెట్లదారి. ఆ హోటలును కట్టించిన వృద్ధుడును అతని భార్యయు ఆ రాత్రి అందులోనే ప్రాణములు విడిచిరి.

దూరపు సంగతులెందుకు? 2020 ఆగస్టు 9న తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ రోగులనుంచిన హోటలులో నిప్పు పుట్టి పదిమంది చనిపోయిరి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక హోటలు క్రింద ఎలక్ట్రిక్ స్కూటర్లు అమ్ము దుకాణములో మంట లేచెను. ఆ పొగ మెట్లదారిగుండా పై గదులకు ఎక్కి ఎనిమిదిమందిని బలిగొనెను. ఆ ఉదయము పత్రిక చేతబట్టుకొని మేము చాలసేపు ఏమియు మాటలాడలేకపోతిమి. కౌంటరువద్ద చెప్పిన కృతజ్ఞతలు జ్ఞాపకము వచ్చెను.

ఈ విషయములో కోనసీమవారమైన మనకు సాకు లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురుసంస్థవారి బావి ప్రేలి అంటుకొన్నప్పుడు ఆ మంట 65 దినములు మండెను. చుట్టుప్రక్కల గ్రామములవారు రాత్రులు దీపములు లేకుండ ఆ వెలుగులో కూర్చుండిరని చెప్పుకొనువారు ఇప్పటికిని ఉన్నారు. 2014 జూన్ 27న తెల్లవారుజామున మామిడికుదురు మండలము నగరము గ్రామమున భూమిలోని గ్యాసు గొట్టము పగిలి, వాయువు పల్లములంతట వ్యాపించి, నిప్పు తగిలినంతనే ఊరు అంటుకొని ఇరువదిమందికి పైగా మరణించిరి. ఒక టీ దుకాణమున పొయ్యి వెలిగించుటతో అంటుకొన్నదని అప్పుడు పత్రికలు వ్రాసెను. అంతకుముందే గ్యాసు కారుచున్నదని గ్రామస్థులు మొఱపెట్టుకొనిరనియు వ్రాసెను.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. వంటగ్యాసునకు స్వతహాగా వాసన లేదు. మనకు తగులు ఆ కుళ్ళు వాసన కావలెనని కలిపినది. 1937 మార్చి 18న అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు న్యూ లండన్ అను ఊరిలో వాసన లేని గ్యాసు పాఠశాలలో నిండి ప్రేలి సుమారు మూడువందలమంది, ఎక్కువగా పిల్లలు, మరణించిన తరువాత దుర్వాసన కలుపవలెనను చట్టములు వచ్చినవి. మన యింటి సిలిండరు వాసన ఆ పిల్లల మరణముచేత మనకు దొరికిన హెచ్చరిక. దానిని ముక్కు మూసికొని సహించు స్త్రీలు మన సంఘములలో ఉన్నారు. "ఎప్పుడూ ఇంతేనండి, కొంచెం వాసనొస్తాది" అందురు. గొట్టము మార్పించుటకు రెండు నెలలు ఆలస్యము చేయు భర్తలును ఉన్నారు.

అయితే వఱద హెచ్చరికకు మనము ఇట్లు చేయము. ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులైనప్పుడు మొదటి హెచ్చరిక, 13.75 అయినప్పుడు రెండవది, 17.75 అయినప్పుడు మూడవది. లంకలవారికి ఈ అంకెలు పిల్లల పుట్టినరోజులకంటె బాగుగా జ్ఞాపకముండును. మొదటి హెచ్చరికకు పశువులను తోలుదురు. రెండవదానికి బియ్యము, కాగితములు మూటకట్టుదురు. నీరు రాకుండ తగ్గిపోయినప్పుడు ఇంజనీరుగారు అబద్ధమాడెనని ఎవరును అనరు. మూటలు విప్పుకొందురు, అంతే. 1986 ఆగస్టులో వచ్చిన నీటిని చూచినవారెవరును గట్టెక్కినవానిని చూచి నవ్వరు. హోటలు గంటకు నవ్వుటకు కారణమేమనగా, ఆ వఱదను మనము చూడలేదు. చూచినవారు మనతో చెప్పుటకు తిరిగి రాలేదు.

ఇంకొక కారణమును కలదు. 1968లో అమెరికాలో ఇద్దఱు పండితులు, లతానే, డార్లీ అనువారు ఒక పరీక్ష ప్రకటించిరి. గదిలో విద్యార్థిని కూర్చుండబెట్టి ఏవో కాగితములు నింపుమనిరి. గోడలోని రంధ్రమునుండి పొగ వదలిరి. ఒంటరిగా నున్నవారిలో నూటికి 75 మంది లేచి వెళ్ళి చెప్పిరి. గాని ముందుగా నేర్పిపెట్టిన ఇద్దఱు మనుష్యులు ప్రక్కన కదలక కూర్చున్నప్పుడు నూటికి 10 మంది మాత్రమే లేచిరి. మిగిలినవారు దగ్గుచు, కన్నులు తుడుచుకొనుచు కాగితములు నింపుచుండిరి. పొగను కాదు, ప్రక్కవాని ముఖమును చూచి అపాయమున్నదో లేదో తేల్చుకొనిరి.

మా గదిలో ముగ్గురమును అట్లే చేసితిమి. ఒకరు లేచియుంటే ఇద్దఱును లేచియుందుము. ఒక్కొక్కరము మిగిలిన ఇద్దఱికి నిద్రమందు పోసితిమి. అందుచేత అబద్ధపు గంటకు లేచుట మన ప్రాణముకొఱకు మాత్రమే కాదని మాకు తోచుచున్నది. మన ముఖము చూచి నిర్ణయించుకొను మనిషి ఒకడు ప్రక్క మంచముమీద ఉన్నాడు. మనము లేచుట అతనికి చెల్లించవలసిన ఋణము. అతడు లేచి మెట్లు దిగినప్పుడు నిప్పు లేకపోయినయెడల అతనికి నష్టమేమి? అరగంట నిద్ర, కొంచెము సిగ్గు. సిగ్గునకు వెఱచి ఎంతమంది చనిపోవుదురో దేవునికే తెలియును.

ఇందుకు ఎదురుమాట లేకపోలేదు. మాలోని ఒక సహోదరుడు, బడిపంతులుగా పనిచేసినవాడు, ఇట్లు వాదించెను: "ఊరకే మ్రోగు గంట గంటయే కాదు. నాన్నా పులి అన్న పిల్లవాని కథలో తప్పు ఊరివారిదా? మాటిమాటికి అబద్ధము చెప్పువానిని నమ్ముమని ఎవరు చెప్పగలరు?" ఈ వాదములో బలమున్నది. బూర స్పష్టముకాని ధ్వని ఇచ్చినయెడల యుద్ధమునకు ఎవడు సిద్ధపడునని పౌలు కొరింథీయులను అడుగుచున్నాడు. గంటను చూచుకొనువారు దానిని నమ్మదగినదిగా ఉంచవలెను. పెట్టెలలోని దుమ్ము దులుపవలెను, స్నానపుగది ఆవిరి తగులని చోటికి మార్చవలెను, ఎందుకు మ్రోగెనో వెదకి బసచేసినవారికి చెప్పవలెను. మంచి గంట కోరుట మన హక్కు. మేము కోరినది అది కాదు. మంచి గంట కావలెనని మేము అడుగలేదు, గంట వద్దంటిమి.

ఆ కథనే మఱియొకసారి చూడుడి. నాలుగవసారి పులి నిజముగానే వచ్చినది. పిల్లవాడు అబద్ధికుడగుటచేత పులి శాకాహారి కాలేదు.

యెహెజ్కేలు గ్రంథములో కావలివాడు ఖడ్గము వచ్చుట చూచి బూర ఊదినయెడల, విని జాగ్రత్తపడనివాని రక్తము వానిమీదనే యుండును. చూచియు ఊదకపోయినయెడల ఆ రక్తము కావలివానిమీద ఉండును. ఈ భాగముమీద మేము అనేక పర్యాయములు ప్రసంగించితిమి. వినువాడు, ఊదువాడు అని ఇద్దఱినే లెక్కించుచుంటిమి. ఆ హోటలు తరువాతనే మూడవవాడు కనబడెను: కావలివానియొద్దకు వెళ్ళి, మాకు నిద్ర పట్టుటలేదు, ఊదవద్దని చెప్పువాడు. వీరినిగూర్చి యెషయా వ్రాసెను. దర్శనము చూచువారితో చూడవద్దనియు, మృదువైన మాటలే పలుకుమనియు చెప్పు జనులు వారు. అక్కడ ప్రవక్త గద్దించినది ప్రవక్తలను కాదు, వినవచ్చినవారిని.

హోటలు పనివారిని మేము నిందింపజాలము. తీగ తీసినవాడు తప్పు చేసెను. చట్టమును అందుకు ఒప్పదు. గాని వాడు ఎవరి మాట విని తీసెను? కోపించిన బసవారు వేఱొక హోటలునకు పోవుదురని భయపడెను. ఆ భయము పెట్టినవారము మేము, బైబిలు సంచులతో కౌంటరుమీద మోచేతులాన్చి నిలిచినవారము. ఆ రాత్రి నాలుగు అంతస్తులలో మేమెఱుగని జనులు నిద్రించిరి. రెండవ అంతస్తున పెండ్లివారు దిగియుండిరి. మెట్లమీద చిన్నపిల్లలు ఆడుకొనుట చూచితిమి. వారి గంటను మేము తీయించితిమని వారికి తెలియదు.

పౌలు ఓడప్రయాణములో ముందున్న అపాయమును చెప్పినప్పుడు శతాధిపతి అతని మాటకంటె నావికునియు ఓడ యజమానునియు మాటను నమ్మెను. అందులో అవివేకమేమియు కనబడదు. ఓడ సంగతి ఓడవారికి తెలియదా? ఖైదీకి తెలియునా? మేమును అట్లే గదుల కుఱ్ఱవాని మాట నమ్మి, లంకలోనుండి వచ్చిన ముసలమ్మ మాట త్రోసితిమి. కుఱ్ఱవాడు ఏ గదిలో వెదకి చూచెనని ఒక్కరమును అడుగలేదు. వాడు మ్రోత ఆపెను గాని, కారణము చూచెనో లేదో.

ఇతరుల తలుపు తట్టుటకు మనకు హక్కున్నదా యని కొందఱు అడుగుదురు. లోతు తన అల్లుండ్రను లేపబోయినప్పుడు వారికి అతడు ఎగతాళి చేయువానివలె కనబడెను. గాని అతడు చెప్పక మానలేదు. మామ్మగారు ఆ రాత్రి ఎన్ని తలుపులు కొట్టెనో మేము లెక్కింపలేదు. ఆమెను కసిరిన మనిషి ఎవరో ఆమెకు తెలియదు. అతని భాష కూడ తెలుగు కాదట. "తిట్టాడంటే లెగిసేడనే కదా బాబూ" అని ఆమె తరువాత అనెను.

ఆమె ఇప్పుడు లేదు. కోవిడ్ రెండవ యేట ప్రభువునందు నిద్రించినది. ఆమెను క్షమాపణ అడుగవలెనని అనుకొనుచునే కాలము గడిపితిమి.

ప్రయాణములు చేయు మన యువజనులకొఱకు, ఆమెనుండియు అగ్నిమాపకదళమువారు చెప్పుదానినుండియు నేర్చుకొన్న కొన్ని సంగతులు వ్రాయుచున్నాము. గదిలో పెట్టె దింపినవెంటనే బయటికి వచ్చి, మీ తలుపునుండి మెట్లవరకు ఎన్ని తలుపులున్నవో లెక్కపెట్టుడి. పొగలో కన్నులు పనిచేయవు, లెక్కయే పనిచేయును. చెప్పులు, గది తాళపుచెవి, ఫోను మంచముప్రక్కనే ఉంచుకొనుడి. గంట మ్రోగినప్పుడు లిఫ్టు ఎక్కవద్దు. తలుపు తీయకముందు చేతి వెనుకవైపుతో తాకి చూడుడి. వేడిగా నున్నయెడల తీయవద్దు, సందులలో తడిగుడ్డలు క్రుక్కి, 101కిగాని 112కిగాని ఫోను చేసి, కిటికీవద్ద గుడ్డ ఊపుడి. నడవలో పొగ కనబడినయెడల నేలకు దగ్గఱగా ప్రాకుడి, గాలి అక్కడనే మిగిలియుండును. వస్తువులకొఱకు వెనుకకు మరలవద్దు. గదిలో దోమలచుట్ట వెలిగింపకుడి. అబద్ధపు గంటలలో కొన్ని మనమే మ్రోగించుచున్నాము.

మొన్న వైద్యముకొఱకు గుంటూరు వెళ్ళి ఒక లాడ్జిలో దిగితిమి. పెట్టెలు గదిలో పెట్టి తలుపులు లెక్కపెట్టితిమి. ఆరు తలుపులు, ఏడవది మెట్లది. దానికి తాళము వేసియుండెను. క్రిందికి వెళ్ళి అడిగితిమి. రాత్రులు దొంగలు వచ్చుచున్నారనియు, లిఫ్టున్నది గదా యనియు అక్కడి కుఱ్ఱవాడు చెప్పెను. తాళపుచెవి యజమానునియొద్ద నున్నదట, ఆయన భోజనమునకు వెళ్ళెనట. మాకు కాళ్ళనొప్పి, ఆకలి. గదికి వెళ్ళి పడుకొందమని మాలో ఒకరు అనిరి. కౌంటరు ఎదుట రెండు కుర్చీలుండెను. ఆయన వచ్చి పైకెక్కి తాళము తీయువరకు అక్కడనే కూర్చుంటిమి.